కొండెక్కగానే మూగబోయే బండి



మీలో కొందరు ఈ మాటలు బండిలోనే వింటూ ఉంటారు. ఆ బండి ఈమధ్య కొన్నదైతే, మీకు వినిపించే ఈ రేడియోతో పాటు మీకు వినిపించని సంభాషణ ఒకటి అందులో నడుస్తూ ఉంటుంది. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, ఇంజను వేడెంత, తలుపు సరిగ్గా పడిందా లేదా, ఇవన్నీ ఎప్పటికప్పుడు ఎక్కడో ఉన్న కంప్యూటరుకు చేరుతుంటాయి. ఇలాంటివాటిని కనెక్టెడ్ వాహనాలంటున్నారు. ఈ బండి విశాఖపట్నంలో బయలుదేరి అరకు ఘాట్ ఎక్కితే ఏమవుతుందన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

1996లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు ఆన్‌స్టార్ అనే పేరుతో కొన్ని కాడిలాక్ కార్లలో ఫోను బిగించి అమ్మారు. కారు గుద్దుకుని గాలిసంచి తెరుచుకుంటే, లోపలివాళ్లు మాట్లాడే స్థితిలో లేకపోయినా కారే కబురు పంపుతుంది. ఆలోచన బాగానే ఉంది కానీ, అది ఖరీదైన కార్లు దాటి కిందికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2018 మార్చి 31 నుంచి యూరప్‌లో కొత్తగా అనుమతికి వచ్చే కార్ల రకాలన్నింటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. ప్రమాదం జరిగితే కారు తనంతట తానే 112 నంబరుకు ఫోన్ చేస్తుంది.

మన దేశంలో 2019 దీనికి తొలి ఏడాది అనుకోవచ్చు. ఆ మే నెలలో హ్యుందాయ్ వెన్యూ, జూన్‌లో ఎంజీ హెక్టర్, ఆగస్టులో కియా సెల్టోస్ వచ్చాయి. మూడింటిలోనూ లోపలే సిమ్ము ఉంది. సెల్టోస్ అయితే మన రాయలసీమ గడ్డ మీద, పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారైన బండి. కరువు సీమ అని పేరుపడ్డ చోట నుంచి, ఇంటర్నెట్‌తో మాట్లాడే కారు రోడ్డెక్కింది. ఇంట్లో కూర్చుని ఫోన్లోనే కారు ఏసీ వేసుకోవచ్చని ప్రకటనల్లో చెప్పారు. ఎండాకాలం అనంతపురంలో అది చిన్న సౌకర్యమేమీ కాదు లెండి.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొండల్లో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. బండిలో ఉండే పెట్టెకు రెండు పనులు. మొదటిది, తాను ఎక్కడున్నానో తెలుసుకోవడం. అందుకు అది ఆకాశంలోని ఉపగ్రహాలు పంపే సంకేతాలను వింటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినబడితే, ఏ సంకేతం ఎంత ఆలస్యంగా చేరిందో లెక్క కట్టి తన చోటు తేల్చుకుంటుంది. అమెరికా వాళ్ల జీపీఎస్ ఉంది, మన ఇస్రో వాళ్ల నావిక్ ఉంది. నావిక్‌లో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుంచే లేచింది. తర్వాత కొన్నింటిలో అణుగడియారాలు పాడైతే, మన దేశంలోనే తయారైన గడియారంతో 2023 మే 29న ఇంకొకటి పంపారు. ఏ దేశపు ఉపగ్రహమైనా, ఈ మొదటి పనిలో బండి పెట్టె అచ్చం మీ రేడియో సెట్టే. వింటుంది, అంతే. తిరిగి ఒక్క మాట చెప్పలేదు. ఉపగ్రహానికి ఈ బండి ఉన్నట్టే తెలియదు.

రెండో పని, తెలుసుకున్నది ఇంకొకరికి చెప్పడం. ఇది ఉపగ్రహం పని కాదు. దీనికి సెల్ టవరు కావాలి. మన ఫోన్లో ఉన్నట్టే పెట్టెలోనూ సిమ్ము ఉంటుంది. దగ్గర్లో టవరుంటే కబురు పోతుంది, లేకపోతే లేదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, జీపీఎస్ ఉంది కాబట్టి బండి ఎక్కడున్నా తెలిసిపోతుందనుకుంటారు. మైదానంలో టవర్లు దట్టంగా ఉంటాయి కాబట్టి ఆ నమ్మకం అక్కడ చెల్లుబాటవుతుంది.

సొంత కార్ల మాట అటుంచి, కిరాయి బండ్ల సంగతికి వద్దాం. 2012 డిసెంబరులో ఢిల్లీలో కదిలే బస్సులో ఒక యువతి మీద జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. జనం ఎక్కే బండిలో ఆపదవేళ నొక్కే బొత్తం ఉండాలి, బండి ఎక్కడుందో తెలియాలి అన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. 2016 నవంబరులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 125హెచ్ అనే నియమం చేరింది. వాయిదాలు పడి, 2019 జనవరి 1 నుంచి కొత్త బస్సులకు, టాక్సీలకు అమల్లోకి వచ్చింది. ఆ పెట్టె ఎలా ఉండాలో ఏఐఎస్-140 అనే ప్రమాణం చెబుతుంది. బండి బ్యాటరీ తెగిపోయినా కనీసం నాలుగు గంటలు బతకాలి. సిగ్నలు లేనప్పుడు కనీసం 40,000 చోట్ల వివరాలు లోపలే దాచుకుని, సిగ్నలు రాగానే పంపాలి. ఈ నియమం వల్ల ఒక పరిశ్రమే పుట్టుకొచ్చింది. పెట్టెలు చేసేవాళ్లు, బిగించేవాళ్లు, ఆ సమాచారాన్ని తెర మీద పటంగా చూపించే కంపెనీలు, నెలనెలా చందాలు. పెట్టె ఉండటం బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు ముడిపడింది కాబట్టి గిరాకీకి లోటు లేదు.

ఆ 40,000 అన్న అంకె మీద కాసేపు ఆగుదాం. పది సెకన్లకు ఒక చోటు రాసుకుంటూ పోయినా, నాలుగున్నర రోజుల పైచిలుకు ప్రయాణం అందులో పడుతుంది. నియమం రాసిన ఇంజనీర్లకు సిగ్నలు లేని దారులుంటాయని తెలుసు. అందుకే దాచుకునే ఏర్పాటు చేశారు. కానీ దాచుకోవడం బండి చరిత్రకు పనికొస్తుంది, ఆపదకు పనికిరాదు. బొత్తం నొక్కిన కేకను కూడా సిగ్నలు వచ్చేదాకా దాచి పెడితే అది కేక ఎలా అవుతుంది?

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట, అదే ఎస్.కోట, దాకా మైదానమే. బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. కాశీపట్నం, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట. ఈ దారిలో పర్యాటకుల బండిలో ముందు సీట్లో కూర్చుంటే, డ్యాష్‌బోర్డు కింద చేతికి తగిలేటంత దగ్గర్లో నల్లపెట్టె కనిపిస్తుంది. దాని మీద రెండు చిన్న దీపాలు. ఒకటి ఆకాశం వినబడుతోందని చెప్పేది, రెండోది టవరు దొరికిందని చెప్పేది. మైదానంలో రెండూ నిలకడగా వెలుగుతాయి. ఘాట్ ఎక్కే కొద్దీ చూడండి, మొదటిది నిలకడగానే ఉంటుంది, రెండోది మిణుకుమంటుంది. ఒక మలుపులో కుదురుకుంటుంది, కొండ అడ్డం రాగానే మళ్లీ మిణుకు. లోయ మరీ ఇరుకైన చోట మొదటి దీపం కూడా తడబడుతుంది.

"ఇదేంటి బాబూ?" అని ఎస్.కోట డ్రైవరొకాయన్ని అడిగితే, "అదా సార్, ఫిట్‌నెస్ పెట్టె" అన్నాడు. ఎందుకని అడిగితే నవ్వాడు. "మా ఓనరుగారు ఇశాపట్నంలో కూకుని సూస్తారు. టిఫినుకాడ అరగంట ఆగితే ఫోనొచ్చేస్తాది. కొండెక్కినాక ఆయనకీ ఏటీ కనపడదు, మాకీ ఏటీ ఇనపడదు." వెనక సీటు పక్కన ఎర్ర బొత్తం ఉంది. ఎప్పుడైనా నొక్కి చూశారా అంటే, "నొక్కితే ఎవులికెల్తాదో తెల్దు సార్" అన్నాడు. డ్రైవరుకు ఆ పెట్టె యజమాని కన్నుగానే అర్థమైంది. తన ప్రాణానికీ ఎక్కినవాళ్ల ప్రాణానికీ దానివల్ల ఒరిగేదేమిటో ఆయనకెవరూ చెప్పలేదు.

2021 ఫిబ్రవరి 12, శుక్రవారం. చీకటిపడే వేళ, హైదరాబాదు నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు అరకు చూసి దిగుతూ డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు, వాళ్లలో ఒక పసిబిడ్డ. చీకట్లో లోయలోకి దిగి గాయపడినవాళ్లను పైకి మోయడానికి ఎంతో కష్టపడ్డారు. అలాంటి చోట బండి లోయలోకి జారిన క్షణాన్నే ఎస్.కోట ఆసుపత్రికీ, అనంతగిరి పోలీసులకూ, ఫలానా మలుపు దగ్గర ఫలానా లోతులో అని కబురు పోతే కలిసొచ్చే నిమిషాల విలువ చెప్పక్కర్లేదు. ఆ కబురు కోసమే ఈ విద్య పుట్టింది. సరిగ్గా ఆ కబురు అవసరమైన చోటే అది మూగబోయే అవకాశం ఎక్కువ.

ఇంకో సంగతి. నేను చెప్పిన 125హెచ్ నియమం ఆటోలకు వర్తించదు, మూడు చక్రాల బండ్లకు మినహాయింపు ఇచ్చారు. మైదానంలో అది సబబే కావచ్చు. మన్యంలో మాత్రం జనం ఎక్కేది వాటినే. సంత రోజున చూడండి. పసుపు, అల్లం, చింతపండు, పిప్పలి బస్తాల మధ్య మనుషులు, వెనక వేలాడుతూ ఇంకొందరు, టాపు మీద కోళ్ల గంపలు. ఆటోలు, పాత జీపులే ఆ కొండల బస్సులు. ఏసీ కారులో వలిసె పూలు చూడటానికి వచ్చినవాళ్ల చోటు ఉపగ్రహ సాక్షిగా నమోదవుతుంది. ఆ వలిసె పండించిన మనిషి ఎక్కిన బండి ఏ లెక్కలోనూ ఉండదు. కాఫీదీ ఇదే కథ. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యూరప్ వాళ్లు 2023లో చేసిన చట్టం ప్రకారం, అక్కడికి వెళ్లే కాఫీ ఏ తోటలో పండిందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపించాలి. దాని అమలు తేదీ వెనక్కి జరుగుతూ వస్తోంది, అది వేరే మాట. గింజ పుట్టిన చోటుకు అంత పక్కాగా లెక్క అడుగుతున్న కాలంలో, ఆ గింజ కోసిన ఆమె సంత నుంచి ఇల్లు చేరిందో లేదో తెలిసే దారి లేదు.

అంబులెన్సుల దగ్గర మాత్రం కొంత పని జరిగింది. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 108, 104 వాహనాలు కలిపి వెయ్యికి పైగా ఒకేసారి బయలుదేరినప్పుడు, 108 బండ్లలో చోటు తెలిపే పెట్టెలు, డ్రైవరు ముందు దారి చూపే తెరలు పెట్టారు. ఇంతకన్నా నాకు నచ్చింది 2018లో ఏజెన్సీ ప్రాంతాలకు తెచ్చిన ఫీడర్ అంబులెన్స్. మోటారుసైకిలు పక్కన పడక బిగించిన బండి అది. పెద్ద బండి పోలేని దారిలో పోయి, రోగిని 108 ఆగిన చోటికి చేరుస్తుంది. ఇంత చేసినా నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు ఆగలేదు. అక్కడ చిక్కు బండిది కాదు, కబురుది, దారిది. ఫోన్ కలవాలంటే ఊళ్లోంచి ఎవరో ఒకరు సిగ్నలు దొరికే గుట్ట ఎక్కాలి. 108కు ఫోను కలిసినా, ఏ ఊరు, ఏ పంచాయతీ, రోడ్డు ఎక్కడిదాకా ఉంది అని నోటితో చెప్పుకోవాలి. సాలూరులో గిరిజన గర్భిణులను కాన్పు రోజులకు ముందే తీసుకొచ్చి ఉంచే వసతి గృహం పెట్టారంటే, కబురునూ బండినీ నమ్ముకోలేకనే కదా. ఏ సాంకేతికతా లేని ఆ పరిష్కారం చాలా తెలివైనదని నా అభిప్రాయం.

టవర్లు రావడం లేదని కాదు. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేరోజు ప్రారంభించిన 100 టవర్లలో 85 అరకు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే ఉన్నాయి. అంతకు ముందు ఏడాది జూలైలో కేంద్ర మంత్రివర్గం, దేశంలో 4జీ లేని 24,680 గ్రామాలకు దాన్ని చేర్చే పథకానికి ఒప్పుకుంది. ఇవన్నీ మంచి పనులే. అయితే టవరు వేసేవాళ్లు ఊళ్లను లెక్కపెడతారు. జనం ఎందరున్నారో చూసి చోటు ఎంచుతారు. ఘాట్ మలుపులో జనం ఉండరు. బండి మాత్రం పడేది ఆ మలుపులోనే. పైగా కొండల్లో ఒక టవరు సంకేతం నాలుగు దిక్కులా పారదు, ఎదురుగా ఉన్న వాలు దాకా పోతుంది కానీ, దాని వెనక్కి చేరదు. ప్రతి మలుపుకూ టవరు కావాలనడం అయ్యే పని కాదు.

మరి దారేమిటి? దాని కోసం అమెరికా వెళ్లక్కర్లేదు, కొండ దిగి విశాఖ చేపలరేవుకు వెళితే చాలు. సముద్రంలో టవర్లుండవు. తీరం నుంచి కొంత దూరం పోగానే మరపడవ మీద ఫోను మూగబోతుంది. అది ముందే తెలుసు కాబట్టి, పడవకు పెట్టె చేసినవాళ్లు సిమ్మును నమ్ముకోలేదు. ఇస్రో వాళ్లు తయారుచేసిన ట్రాన్స్‌పాండరు నేరుగా ఉపగ్రహానికే కబురు చెబుతుంది, ఉపగ్రహం నుంచి తిరుగు కబురు కూడా అందుకుంటుంది. పడవ మునుగుతోందా, నిప్పంటుకుందా, ఇంజను ఆగిందా, ఏదైనా తీరానికి చెప్పొచ్చు. తుపాను వస్తోంది వెనక్కి రండి అని తీరం నుంచీ చెప్పొచ్చు. 2024 ఆగస్టు 30న ప్రధాని ఈ పథకాన్ని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష పడవలకు, 364 కోట్ల రూపాయల ఖర్చుతో.

అరకు కొండల్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే కేకే లైను, సొరంగాల మీద సొరంగాలు దాటుకుంటూ బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దించే దారి. మన రైల్వేలు ఇస్రోతో కలిసి రైలు ఇంజన్లకు పెడుతున్న ఆర్‌టీఐఎస్ అనే ఏర్పాటులో 4జీ ఉంది, దానితో పాటు ఉపగ్రహ మార్గమూ ఉంది. ఒకటి అందకపోతే రెండోదాని ద్వారా, అరనిమిషానికొకసారి రైలు ఎక్కడుందో తెలుస్తుంది. పడవకు ఇచ్చారు, రైలింజనుకు ఇచ్చారు. ఘాట్ ఎక్కే బస్సుకు మాత్రం ఢిల్లీ వీధుల్ని మనసులో పెట్టుకుని రాసిన నియమం ప్రకారం చేసిన పెట్టెనే తగిలించారు. కొండ దారిని సముద్రంగానే లెక్కవెయ్యాలన్నది నా వాదన. దేశంలోని బండ్లన్నిటికీ ఉపగ్రహ పెట్టె అక్కర్లేదు, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అరకు, పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి ఘాట్‌లెక్కే బస్సులకు, అంబులెన్సులకు, ఫీడర్ బైకులకు ముందు ఇవ్వండి. సంత బండ్లకు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పూనుకుని సబ్సిడీ ఇవ్వొచ్చు. మత్స్యకారులకు ఇచ్చినప్పుడు గిరిజనులకు ఎందుకివ్వరు?

దాచుకున్న సమాచారం ఆపదకు పనికిరాదన్నాను. రోడ్డుకు పనికొస్తుంది. ఘాట్ మీద పాత డ్రైవర్లు చెప్పే మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేసి, మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ దిగితే, బ్రేకులు కాలి వాసనొస్తాయి, కాసేపటికి పట్టు వదిలేస్తాయి. మైదానం నుంచి సీజనుకు వచ్చే డ్రైవర్లకు ఇది తెలియదు. ఇప్పటి కొత్త బండ్లలో బ్రేకు ఎంతసేపు తొక్కారు, ఏ గేరులో ఉన్నారు అన్నది నమోదు చేసే వీలుంది. ఒక సీజనులో అరకు ఘాట్ దిగిన వెయ్యి బండ్ల లెక్కలు పేరూ నంబరూ తీసేసి ఒకచోట పరిస్తే, ఏ మలుపులో అందరూ ఉలిక్కిపడి బ్రేకు తొక్కుతున్నారో కళ్లకు కడుతుంది. అక్కడ రెయిలింగు కావాలో, అద్దం కావాలో, రోడ్డు వాలు మార్చాలో ఇంజనీర్లు తేల్చుకోవచ్చు. ప్రమాదం జరగకముందే ఆ చోటు పట్టుబడుతుంది. ఇది ఊహ కాదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్లు భాగస్వాములుగా 2021లో నాగపూర్‌లో మొదలైన ఐరాస్తే అనే ప్రాజెక్టు ఇదే పని చేసింది. సిటీ బస్సుల్లో పెట్టిన కెమెరాలు డ్రైవర్లను ఎక్కడెక్కడ హెచ్చరించాల్సి వచ్చిందో కూడగట్టి, ప్రమాదాలు జరగబోయే చోట్లను ముందే గుర్తించారు. తర్వాత తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లోనూ పెట్టారు. 516ఈ జాతీయ రహదారిని పాడేరు, అరకు మీదుగా వెడల్పు చేస్తున్న ఈ రోజుల్లో, ఆ పని మన ఘాట్ మీద జరగకపోతే ఇంకెప్పుడు జరుగుతుంది?

ఆ లెక్కలు ఎవరి సొత్తు అన్న పేచీ వస్తుంది. బండి కంపెనీ తనదంటుంది, పెట్టె కంపెనీ తనదంటుంది, ఓనరు తనదంటాడు. డ్రైవరును ఎవరూ అడగరు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. కానీ టిఫిను దగ్గర ఎందుకు ఆగావని వచ్చే ఫోనును ఆ చట్టం ఆపుతుందని నాకైతే నమ్మకం లేదు. పెట్టె తన మేలుకు కూడా ఉందని డ్రైవరుకు తెలిసిన రోజున దాన్ని జాగ్రత్తగా చూసుకుంటాడు. అది తనను పట్టిచ్చేదేనని అనుకున్నంత కాలం దాని తీగ వదులైనా పట్టించుకోడు.

మంచు కురిసే నెలలు వస్తే విశాఖ నుంచి అరకుకు బండ్లు బారులు కడతాయి. మీరూ వెళ్లొచ్చు. బండి మాట్లాడుకునేటప్పుడు కిరాయి ఎంత, ఏసీ ఉందా అని ఎలాగూ అడుగుతారు. ఎర్ర బొత్తం ఎక్కడుంది, అది పనిచేస్తోందా, డ్రైవరు ఈ ఘాట్ ఇంతకు ముందు ఎక్కాడా అని కూడా అడగండి. చీకటి పడ్డాక దిగాల్సిన ప్రయాణం పెట్టుకోకండి. ఎస్.కోటలో టీకి ఆగినప్పుడు బండి నంబరు, పైకి చేరే వేళ, తిరిగి దిగే వేళ ఇంట్లో ఒకరికి చెప్పి మరీ కదలండి. అక్కడైతే సిగ్నలుంటుంది.